కందెన కరిగిన కొండదారి

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతము’ అని మన పెద్దలు ఒక సామెత చెప్పినారు. ఇరుసు అరచుచున్నను బండివాడు విననట్లే సాగిపోయినచో, ఆ అరుపు మొదట కూనిరాగమై, పిదప రోదనమై, తుదకు ఊరికి దూరమైన ఏ చోటనో చక్రము ఊడిపడుటతో ముగియును. యంత్రమును వాడువానికి దాని మాట వినుటయు తెలియవలెనన్నదే ఈ సామెతలోని సారము.

దీనికి చక్కని నిదర్శనము ఒకటి దూరదేశమునందు కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా మెరిన్ అను జిల్లా ఉన్నది. అందు ఫెయిర్‌ఫాక్స్ అను చిన్న పట్టణమునకు సమీపమున ఒక మట్టి కొండదారి కలదు. దాని వాడుక పేరు ‘రీప్యాక్’. ఆ మాటకు ‘మరల కూరుట’ అని అర్థము. కూరవలసినది ధాన్యము కాదు, దూది కాదు. సైకిలు వెనుక చక్రపు కుంభిలో కందెన. వీరుల పేరులు, దాతల పేరులు దారులకు పెట్టుట లోకములో ఉన్నదే. ఒక మరమ్మతు పని పేరు దారికి వచ్చుట మాత్రము అరుదు. నేడు ప్రపంచమంతట ‘మౌంటెన్ బైకు’ అని పిలువబడుచున్న కొండ సైకిలు రూపుదిద్దుకొన్నది ఆ ప్రాంతమునందే. ఆ సైకిలును ఏ పెద్ద కర్మాగారమును ముందుగా ఊహించి తయారు చేయలేదు. విరిగినదానిని బాగుచేయుచు, బాగుచేసినదానిని మరల విరుగగొట్టుచు, కొందరు యువకులు దానిని కనుగొన్నారు. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ కథయే. ఆ కథనుండి మన యింటి సైకిలుకు పనికివచ్చు నాలుగు మాటలును.

సైకిలు మొదటినుండియు చదును బాటల వాహనము. గాలి నింపిన రబ్బరు టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ హక్కుపత్రము పొందినను, అది సైకిళ్లపై వాడుకలోనికి వచ్చినది 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ పూనికతోనే. రోలర్లు గల గొలుసును, అనగా మన దుకాణములలో చెయిను అనుదానిని, 1880లో హాన్స్ రెనోల్డ్ మాంచెస్టరులో రూపొందించినాడు. ఈ రెండును కలిసిన పిదప సైకిలు సుఖప్రయాణ సాధనమైనది. అయినను రాళ్లు, బురద, ఏటవాలు దానికి శత్రువులుగానే నిలిచినవి.

ఆ శత్రువులను ఎదుర్కొన్నవారు తొలినాళ్లలోను లేకపోలేదు. 1897 జూన్ 14న అమెరికా సైన్యములోని 25వ పదాతి దళమునకు చెందిన ఇరువదిమంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వమున, మోంటానాలోని మిజూలా కోటనుండి సెయింట్ లూయీ నగరమునకు సైకిళ్లపై బయలుదేరినారు. దూరము సుమారు 1,900 మైళ్లు. పట్టిన కాలము 41 దినములు. రాకీ పర్వతములను దాటవలసి వచ్చినది. జిగురు మట్టి చక్రములకును ఫ్రేముకును నడుమ గట్టిపడి చక్రములను కదలనీయలేదు. పలుచోట్ల వారు బండ్లను త్రోసికొనుచు, మోసికొనుచు నడచినారు. తిండిగింజలతోపాటు మరమ్మతు సామగ్రియు వారి మూటలలో ఉండెను. కొండదారిన సైకిలు త్రొక్కువాడు తన మరమ్మతు తానే చేసికొనవలెనను నియమమునకు ఈ యాత్రయే తొలి పెద్ద సాక్ష్యము అనవచ్చును. ఇంగ్లాండులో 1955లో ఏర్పడిన ‘రఫ్-స్టఫ్ ఫెలోషిప్’ అను సంఘమువారు గూడ బాట లేని చోట్ల సైకిలు నడుపుటయే తమ వినోదముగా పెట్టుకొన్నారు.

ఇక మెరిన్ జిల్లాకు వత్తము. అక్కడ 2,571 అడుగుల ఎత్తుగల టమల్‌పయస్ అను కొండ ఉన్నది. దాని చుట్టును అడవి మంటలను ఆర్పు బండ్ల కొరకు వేసిన మట్టిబాటలు కలవు. 1970 దశకపు ఆరంభమున అచటి యువకులు కొందరు, పందెపు సైకిళ్లపై రహదారులలో ఆరితేరినవారు, ఆటవిడుపుగా ఈ మట్టిబాటలపై దిగసాగినారు. పందెపు సైకిలు టైరు సన్నము; రాతిబాటకు ఆగదు. అందుచేత వారు పాతసామానుల కొట్లలో వెదకి, తమ తండ్రుల కాలపు లావు టైర్ల సైకిళ్లను బయటికి తీసినారు.

ఆ పాత సైకిళ్లకును ఒక చరిత్ర ఉన్నది. 1933లో ష్విన్ అను చికాగో సంస్థ రెండంగుళములకు మించిన మందముగల ‘బెలూన్’ టైర్లతో సైకిళ్లను అమ్మజూపినది. అవి పిల్లల కొరకు ఉద్దేశించినవి, బరువైనవి, బలమైనవి. వాటికి చేతి బ్రేకులు ఉండెడివి కావు. పెడళ్లను వెనుకకు త్రొక్కినచో వెనుక చక్రపు కుంభిలోని లోహపు భాగములు కదలి, ఒరసికొని, చక్రమును ఆపును. ఈ ఏర్పాటును ‘కోస్టరు బ్రేకు’ అందురు. వీధిలో పత్రికలు పంచు బాలునికి అది చాలును. ఒరపిడి ఉన్నచోట వేడి పుట్టును గదా! ఆ వేడినుండి కుంభిలోని భాగములను కాపాడునది అందు కూరిన కందెనయే.

రీప్యాక్ దారి రెండు మైళ్లకు కొంచెము తక్కువ. ఆ కొద్ది దూరములో అది 1,300 అడుగులు దిగును. అనగా ఏడెనిమిది అడుగుల దూరమునకు ఒక అడుగు పల్లము. మలుపులు, గుంతలు, వదులు రాళ్లు సరేసరి. పైనుండి క్రిందికి బ్రేకు త్రొక్కుచునే దిగవలెను. అడుగునకు చేరుసరికి కుంభి చేతితో తాకరానంత వేడెక్కెడిది. లోపలి కందెన కరిగి, మరిగి, పొగయై వెడలిపోయెడిది. మరల ఆ బండిని వాడవలెనన్న కుంభిని పూర్తిగా విప్పి, భాగములను తుడిచి, క్రొత్త కందెన కూరవలెను. ఒక్క దిగుడుకు ఒక్క కూర్పు! ఆ పనియే దారికి పేరైనది.

1976 అక్టోబరు 21న ఆ దారిపై తొలి పందెము జరిగినది. దానిని నడిపినవాడు చార్లీ కెల్లీ. ఒకరి తరువాత ఒకరిని విడిచి, ఎవరెంత కాలములో దిగినారో లెక్కించుట దాని పద్ధతి. ఆ దినమున పడిపోకుండ దిగిన ఆలన్ బాండ్స్‌ను విజయము వరించినది. అటుపిమ్మట 1984 వరకు అట్టి పందెములు మొత్తము 24 జరిగినవి. వాటిలో పదింటిని జో బ్రీజ్ గెలిచినాడు. 4 నిమిషముల 22 సెకండ్లలో దిగిన గ్యారీ ఫిషర్‌ది అన్నిటికంటె తక్కువ కాలము. కాని చరిత్రకు ముఖ్యమైనవి ఈ అంకెలు కావు. పందెము ముగిసిన పిదప ఆ యువకులు కూడి, ఎవరి బండిలో ఏది విరిగినది, ఎందుకు విరిగినది అని విచారించుకొన్న మాటలు ముఖ్యమైనవి.

కోస్టరు బ్రేకు కాలిపోవుచున్నది. దానికి మారుగా ఏమి పెట్టవలెను? ఈ ప్రశ్నకు జవాబు వేరొక ఊరినుండి వచ్చినది. 1974 డిసెంబరులో మెరిన్ జిల్లాలోని మిల్‌వ్యాలీలో జరిగిన ఒక పోటీకి కూపర్టీనో అను ఊరివారు కొందరు తమ పాత లావు టైర్ల బండ్లతో వచ్చినారు. వారి బండ్లకు గేర్లు ఉండెను; చేతితో నొక్కు డ్రమ్ము బ్రేకులు ఉండెను; గేరు మార్చు మీట పిడికి దగ్గరనే బొటనవ్రేలికి అందునట్లు అమర్చబడి యుండెను. మెరిన్ యువకులు చూచినారు, గ్రహించినారు. గ్యారీ ఫిషర్ తన బండికి డ్రమ్ము బ్రేకులను, గేర్లను, మోటారు సైకిలు బ్రేకు పిడులను అమర్చినాడు. గేర్లు వచ్చుటతో, అంతవరకు బండిని త్రోసికొని ఎక్కినవారు త్రొక్కుచునే ఎక్కగలిగినారు. దిగుటకు మాత్రమే పనికివచ్చిన బండి ఎక్కుటకును పనికివచ్చినది. కొండ సైకిలు అను పేరునకు అర్హత అప్పుడు కలిగినది.

బ్రేకు కుదిరిన పిమ్మట ఫ్రేము విరుగసాగినది. పిల్లల కొరకు 1930, 1940 దశకములలో చేసిన ఇనుప గొట్టములు పెద్దవారి బరువును, కొండరాళ్ల దెబ్బలను ఎంతకాలము ఓర్చును? పాతకొట్లలో దొరకు ఫ్రేములు తరుగుచుండగా, 1977లో జో బ్రీజ్ ఈ పని కొరకే ఒక ఫ్రేమును మొదటినుండి క్రొత్తగా నిర్మించినాడు. క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు గొట్టములు దానికి వాడినాడు. 1978 నాటికి అట్టివి పది తయారైనవి. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆ నిర్మాత కాగితముపై లెక్కలు కట్టుటకు ముందే, ఏ అతుకు ఎక్కడ పగులునో తన కంటితో అనేక పర్యాయములు చూచినవాడు. మరమ్మతే అతనికి పాఠశాల.

1979లో గ్యారీ ఫిషరు, చార్లీ కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ అను చిన్న వ్యాపారమును పెట్టినారు. ఫ్రేములను టామ్ రిచీ చేసి యిచ్చినాడు. ఆ పేరును తమ సొంతముగా నమోదు చేసికొనవలెనని వారు తలచినను అది సాగలేదు. ఆ మాట అందరి సొత్తైనది. 1980లో ‘ఫ్యాట్ టైర్ ఫ్లయర్’ అను చిన్న పత్రిక వెలువడినది. ఈ క్రీడకు అదియే మొదటి పత్రిక. షెడ్డులో నోటిమాటగా సాగిన తెలివి కాగితము మీదికెక్కుటకు ఆరంభమది. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ జపానులో చేయించిన ‘స్టంప్‌జంపర్’ అను బండి అంగడికి వచ్చినది. చేతితో ఒక్కొక్కటిగా చేసినది కాక, కర్మాగారమున పెద్ద సంఖ్యలో తయారైన తొలి కొండ సైకిళ్లలో అది ప్రసిద్ధము.

అటు తరువాతి మార్పులు వేగముగా జరిగినవి. 1982లో జపానుకు చెందిన షిమానో సంస్థ ఈ బండ్ల కొరకే ప్రత్యేకముగా గేరు, బ్రేకు సామగ్రిని వెలువరించినది. 1980 దశకము ముగియకముందే, ఒక్కొక్క ‘టిక్కు’ చప్పుడుకు ఒక్కొక్క గేరు పడునట్టి మీటలు వచ్చినవి. 1989 ప్రాంతమున ముందు చక్రపు చీలికలో కుదుపులను మ్రింగు ఏర్పాటు అంగడికెక్కినది. తరువాతి కాలమున నూనె ఒత్తిడితో పనిచేయు డిస్కు బ్రేకులును, ట్యూబు లేని టైర్లును వ్యాపించినవి. 1990లో కొలరాడోలోని డురాంగోలో అధికారికమైన తొలి ప్రపంచ పోటీ జరిగినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెమునకు చోటు లభించినది. అచట పురుషులలో నెదర్లాండ్స్ దేశీయుడు బార్ట్ బ్రెంట్యెన్స్, స్త్రీలలో ఇటలీ దేశీయురాలు పావొలా పెట్సో స్వర్ణపతకములు పొందినారు.

ఆ పందెములలో తొలినాళ్ల నియమమొకటి మన ప్రసంగమునకు మిక్కిలి అవసరము. దారిలో బండి చెడినచో పోటీదారుడే బాగుచేసికొనవలెను. బయటివారు చేయి వేయరాదు. అందుచేత ఆటగాండ్రు పనిముట్లు, గాలిపంపు వెంట మోసికొని పోయెడివారు. తరువాత ఈ నియమమును సడలించి, నిర్ణీత స్థలములలో సహాయమునకు అనుమతించినారు. ఏమైనను, త్రొక్కువాడు, బాగుచేయువాడు వేరు వేరు కారని ఆ క్రీడ చాలకాలము చాటినది.

సరే, కొండలు దిగనివారికి ఈ చరిత్రతో ఏమి పని యని మా శ్రోతలలో కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ యువకులు కష్టపడి నేర్చిన సూత్రములు బజారుకు పోవు సైకిలుకును వర్తించునని మా సమాధానము. సైకిలు ప్రియులు ఇప్పటికిని ఒకరికొకరు చెప్పుకొను మాటలలో మొదటిది ఇది: పనిముట్టు చేతబట్టుటకు ముందు చెవి ఒగ్గవలెను. చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నది? పెడలు ఆపినను బండి సాగుచుండగా చప్పుడు నిలువకున్నచో దోషము చక్రములోనో బ్రేకులోనో ఉన్నది. త్రొక్కినప్పుడే వచ్చుచున్నచో గొలుసునో, పెడలునో, నడిమి ఇరుసునో అనుమానింపవలెను. సీటుపైనుండి లేచి త్రొక్కగానే చప్పుడు ఆగినచో సీటు కమ్మిని చూడవలెను. ఇంతమాత్రము విచారించినవాడు అనవసరముగా సగము బండిని విప్పుకొనడు.

రెండవ మాట గొలుసును గూర్చినది. గొలుసు సాగినది అని మనమందుము. నిజమునకు ఉక్కు సాగదు. కణుపులలోని సీలలు అరుగును. ఒక్కొక్క కణుపు అరంగుళము గనుక, క్రొత్త గొలుసులో ఇరువదినాలుగు కణుపులు సరిగా 12 అంగుళములుండును. ఇంటిలోని కొలబద్దతో ఒక సీల నడిమినుండి కొలువవలెను. ఇరువదినాలుగవ కణుపు 12 అంగుళముల గీతను దాటి అంగుళములో పదునారవ వంతు పోయినచో గొలుసును మార్చుకొనవలసిన కాలము వచ్చినది. ఎనిమిదవ వంతు పోయినదాక ఉపేక్షించినచో అది పళ్ల చక్రములను గూడ అరుగదీసి యుండును. చిన్న ఖర్చుతో పోవునది పెద్ద ఖర్చగును. నూనెను గొలుసు పైపైన కుమ్మరింపరాదు. మొదట మురికి తుడిచి, ఒక్కొక్క రోలరుకు ఒక్కొక్క చుక్క వేసి, పెడలు త్రిప్పి, పైన మిగిలినదానిని గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. పైన నిలిచిన నూనె దుమ్మును పిలుచును. దుమ్ము, నూనె కలిసి ఆకురాయి వలె పనిచేయును.

మూడవది గాలి. పంక్చరు పడినప్పుడు మన ఊళ్ల మరమ్మతువాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూచును. అది ఉత్తమమైన పద్ధతి. అయితే రంధ్రము మూసినంతమాత్రమున పని ముగియదు. టైరు లోపలి వైపున వ్రేళ్లతో మెల్లగా తడిమి ముల్లును తీయకున్నచో మరునాడు అదే చోట మరల గాలి పోవును. ట్యూబులో పాముకాటు వలె రెండు రంధ్రములు ప్రక్కప్రక్కన కనిపించినచో ముల్లు కారణము కాదు. గాలి చాలక, రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగినది. అప్పుడు కావలసినది అతుకు ఒక్కటే కాదు, సరిపడు గాలి. ట్యూబు లేని టైర్లవారు లోపల పోసిన అంటుద్రవము కొన్ని నెలలలో ఎండిపోవునని మరువరాదు.

నాలుగవది ప్రాణముతో కూడినది, అది బ్రేకు. బయలుదేరుటకు ముందు రెండు బ్రేకులను నొక్కి చూచుటకు అర నిమిషము చాలును. డిస్కు బ్రేకు పళ్లెమునకు నూనె గాని వ్రేళ్ల జిడ్డు గాని తగులరాదు. తగిలినచో బ్రేకు కీచుమనును, పట్టు తగ్గును. నూనె ఒత్తిడి బ్రేకులలో వాడు ద్రవములు ఒకే జాతివి కావు. కొన్నిటికి ఖనిజ తైలము, కొన్నిటికి వేరు ద్రవము. తయారీదారు చెప్పినది తప్ప మరియొకటి పోసినచో లోపలి రబ్బరు భాగములు చెడిపోవును. చక్రము ఊడదీసియున్నప్పుడు బ్రేకు పిడి నొక్కరాదు. దీర్ఘమైన పల్లమున బ్రేకును అదే పనిగా పట్టి యుంచక, నొక్కుచు విడుచుచు దిగుట మేలు. చల్లారుటకు దానికి కొంత అవకాశము లభించును. రీప్యాక్ దారి పొగ నేర్పిన పాఠము ఇప్పటికిని మారలేదు.

కడపటిది విప్పుటను గూర్చిన చిన్న హెచ్చరిక. ఎడమ పెడలు మరకు చుట్టు ఎదురుది. తక్కిన మరల వలె త్రిప్పి ‘ఊడి రాలేదు’ అని బలము చూపువారు దానిని మరింత బిగించుచున్నారన్నమాట. గేరు సరిగా పడనప్పుడును బలము పనికిరాదు. తీగ చివరనున్న బిగింపు మరను ఒక్క పావు చుట్టు త్రిప్పి, పరీక్షించి, అవసరమైనచో మరియొక పావు చుట్టు త్రిప్పవలెను. ఒక మార్పు, ఒక పరీక్ష: ఇది ప్రయోగశాలలలోని శాస్త్రజ్ఞుల పద్ధతియే గాని వేరు కాదు.

ఈ మాటలన్నియు ఇంతగా చెప్పుటకు కారణమున్నది. నేటి యంత్రములలో పెక్కు భాగములు మూసి వచ్చుచున్నవి. విప్పి కందెన పెట్టు కుంభికి బదులుగా, చెడినచో పారవేసి క్రొత్తది వేయు బేరింగు వచ్చినది. ఇందులో సౌఖ్యము లేకపోలేదు. మేము దానిని నిందింపము. రీప్యాక్ యువకులకు అట్టి బేరింగులు దొరికియుండినచో సంతోషముగానే పుచ్చుకొనియుందురు. కాని విప్పి చూచు అలవాటు పోయినచో, ఎందుకు చెడినదను ప్రశ్నయు దానితో పోవును. ఆ ప్రశ్న అడుగువారు లేనిచోట క్రొత్త వస్తువులను కొనుట ఉండును గాని క్రొత్త వస్తువు పుట్టుట ఉండదు. ఆ మెరిన్ యువకులకు ధనము లేదు, కర్మాగారము లేదు. చెడిన బండియు, విప్పిన చేతులును, చెప్పుకొన్న మాటలును ఉన్నవి. ఒక పరిశ్రమ పుట్టుటకు అవి చాలినవి.

మన పట్టణములలో ‘ఓవరాయిలింగు’ అను మాట సైకిలు దుకాణములకు క్రొత్త కాదు. బండిని నిలువునా విప్పి, గోళీలను కిరోసినులో కడిగి, క్రొత్త కందెన పెట్టి బిగించుట. రీప్యాక్‌లో జరిగినదియు అదియే. ఆ పనిచేయు వృద్ధుడు మీ వీధిలో ఇంకను ఉన్నచో, మీ బండిని అతనికి అప్పగించి వెడలిపోవక, మీ పిల్లవానినో పిల్లనో వెంట తీసికొనిపోయి ఆ పని ముగియువరకు ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఏ గోళీ ఎక్కడిదో, ఏ మర ఎంత బిగువో అతనిని అడుగనిండు. అతని చేతిలోని విద్య గ్రంథములలో సగమే ఉన్నది. తక్కిన సగము చూచినవారికే దక్కును.